కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి, బొజ్జ మాత్రం కరగదు

ఆమధ్య ఖమ్మంలో ఒక పెళ్లికి వెళ్లాం. పందిట్లో అడుగుపెట్టానో లేదో మా బావమరిది ఎదురొచ్చాడు. మంచీ చెడూ అడగకుండానే నా చొక్కా గుండీల వైపు చూసి, "ఏంది బావా, ఇట్లా అయినవ్? పొద్దుగాల ఓ గంట నడవరాదు?" అన్నాడు.

నడుస్తూనే ఉన్నాను. గొడవంతా అదే. మూడు నెలల పాటు వారానికి నాలుగు రోజులు కేబీఆర్ పార్కులో నడిచాను. తగ్గింది 700 గ్రాములు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారం వచ్చేసరికి అదీ తిరిగొచ్చి కూర్చుంది. పగలంతా కుర్చీలో, రాత్రి కాల్స్‌లో గడిపేవాళ్లలో ఎవరిని కదిపినా ఇలాంటి కథే వినిపిస్తుంది. చివర్లో ఒకటే మాట: "నేను తినేది చాలా తక్కువండీ. నీళ్లు తాగినా ఒళ్లు చేస్తోంది."

ఈ మాట అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదని నా నమ్మకం. కానీ నీళ్లలో క్యాలరీలు లేవు. మరి ఈ రెండూ ఎలా పొసగుతాయి?

1992లో అమెరికాలో సరిగ్గా ఇలాంటివాళ్ల మీదే ఒక అధ్యయనం జరిగింది. ఎన్ని డైటింగులు చేసినా బరువు తగ్గడం లేదు, రోజుకి 1,200 క్యాలరీలు కూడా తినడం లేదు అని చెప్పే పదిమందిని తీసుకున్నారు. ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతోందో నోటిమాట మీద ఆధారపడకుండా కొలిచారు. ఆ ఖర్చు అందరికీ మామూలుగానే ఉంది, ఎవరి ఒళ్లూ మొండికేయలేదు. తేడా వచ్చింది లెక్కలో. తిన్నదాంట్లో 47 శాతం వాళ్ల పుస్తకంలోకి ఎక్కలేదు. కదలికని మాత్రం 51 శాతం ఎక్కువ చేసి రాసుకున్నారు. కావాలని చేసిన మోసం కాదది. గుర్తుండనిది రాయలేదు, అంతే.

ఇది చదివి నాకు కోపం వచ్చింది. నేను అలాంటివాడిని కాదని తేల్చుకుందామని ఒక గురువారం నోట్లోకి పోయిన ప్రతిదీ ఫోన్లో రాసుకున్నాను.

ఒక గురువారం

లేచేసరికి ఎనిమిదిన్నర. నాలుగు ఇడ్లీ, పల్లీ చట్నీ. మాదాపూర్ చేరేసరికి పదిన్నర. సీట్లో కూర్చోగానే ఒక టీ. స్టాండప్ మీటింగ్ అయ్యాక ఇంకో టీ (పేరుకే స్టాండప్, అందరం కూర్చునే ఉంటాం). మధ్యాహ్నం క్యాంటీన్లో అన్నం, పప్పు, బెండకాయ వేపుడు, సాంబారు, పెరుగు. నాలుగింటికి టీ, ఎవరిదో పుట్టినరోజని ఒక సమోసా. ఆరున్నరకి బిల్డ్ ఫెయిలైంది (అంటే రాసిన కోడ్ మొరాయించింది), ఆ చిరాకులో మరో టీ. ఇల్లు చేరాక అమ్మ ఇచ్చిన టీ. తొమ్మిదిన్నరకి అమెరికా కాల్.

ఆ కాల్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. భోజనాల బల్ల మీద లాప్‌టాప్, దానికి కుడిపక్కన మిక్చర్ ఉన్న స్టీలు డబ్బా. అవతల క్లయింటు ఆలస్యానికి కారణం అడుగుతున్నాడు. మా మేనేజర్ ఎప్పుడు నా పేరెత్తుతాడా అని నేను బిగుసుకుని కూర్చున్నాను. చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్లొస్తోంది. నమిలే చప్పుడు వినపడుతుందేమోనని మ్యూట్‌లో ఉన్నానో లేదో రెండుసార్లు చూసుకున్నాను. చప్పుడు మీద ఉన్న ధ్యాసలో పావు వంతు కూడా తిండి మీద లేదు. పదకొండుకి కాల్ అయ్యి చూస్తే డబ్బాలో మిక్చర్ మూడు వేళ్ల మందం దిగిపోయి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, ఇదీ రాసుకోవాలి కదా అని. ఆ తర్వాత మా ఆవిడ మూతపెట్టి ఉంచిన అన్నం, దోసకాయ పప్పు, ఆవకాయ. ఆకలి లేదనుకుంటూనే తిన్నాను.

లెక్క వేశాను. పాలు, రెండు చెంచాల చక్కెర పడిన టీ కప్పు సుమారు 80 క్యాలరీలు, అయిదు కప్పులకి 400. సమోసా 250 దాకా. మిక్చర్ గుప్పెడు 30 గ్రాములనుకుంటే 150, నేను తిన్నది తక్కువలో తక్కువ మూడు గుప్పెళ్లు, అంటే 450. మొత్తం 1,100. వీటిలో ఒక్కటీ భోజనం కాదు. ఆ రోజు ఏం తిన్నావని మర్నాడు ఎవరైనా అడిగి ఉంటే "పొద్దున ఇడ్లీ, రెండుపూటలా అన్నం" అని ఒట్టేసి చెప్పేవాడిని. ఫోన్ లెక్క ప్రకారం ఆ రోజు నడిచింది 2,300 అడుగులు.

ఒంట్లోని కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీల శక్తి ఉంటుందని అంచనా. నా 1,100లో సగమే అదనం అనుకున్నా, రెండు వారాలకి ఒక కిలో. అందులో కొంత ఒళ్లు సర్దుకుంటుంది, కొంత మర్నాటి భోజనంలో తగ్గుతుంది కాబట్టి నిజంగా అంత వేగంగా పెరగం. కానీ రోజుకి నూరు మిగిలినా ఏళ్ల తరబడి ఏమవుతుందో నా బెల్టుకి తెలుసు.

అలసిపోయాం గానీ ఖర్చవలేదు

సాయంత్రానికి మనం పిండేసిన బట్టలా ఉంటాం. ఇంత అలిసిపోయాక ఎంతో కొంత కరిగి ఉండాలి కదా అనిపిస్తుంది. ఇక్కడే మన లెక్క తప్పుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు అయిదో వంతు మెదడే వాడుకుంటుంది. కాకపోతే అది ఇంట్లో ఫ్రిజ్ లాంటిది. మనం పడుకున్నా, కోడ్ రాస్తున్నా, మేనేజర్‌కి సంజాయిషీ ఇచ్చుకుంటున్నా దాని కరెంటు ఖర్చు పెద్దగా మారదు.

కెనడాలోని లావాల్ యూనివర్సిటీలో 14 మంది విద్యార్థినులతో చేసిన ప్రయోగం 2008లో వచ్చింది. ఒక రోజు 45 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. ఇంకో రోజు అంతే సమయం చదివి సారాంశం రాయమన్నారు. మరో రోజు కంప్యూటర్ మీద పరీక్షలు పెట్టారు. ప్రతిసారీ తర్వాత ఇష్టమైనంత తినమన్నారు. మెదడుకి పని చెప్పిన రోజుల్లో అదనంగా ఖర్చయింది 3 క్యాలరీలు. అదనంగా తిన్నది ఒక రోజు 203, ఇంకో రోజు 253. విచిత్రమేమిటంటే, ఎక్కువ ఆకలిగా ఉందని వాళ్లలో ఎవరూ అనుకోలేదు.

14 మంది అంటే చిన్న లెక్కే. అయినా ఆరున్నరకి బిల్డ్ ఫెయిలైనప్పుడు నా కాళ్లు ప్యాంట్రీ వైపు ఎందుకు నడిచాయో దీనికంటే బాగా ఎవరూ చెప్పలేదు.

తాత పళ్లెం, మన కుర్చీ

మా తాతకి నల్లగొండ జిల్లాలో మూడెకరాల మెట్ట ఉండేది. ఆయన కంచంలో అన్నం గుట్టలా ఉండేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఎంత తిన్నా పొట్ట వీపుకి అంటుకునే ఉండేదట. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి 2020లో ఇచ్చిన అంచనాలు చూస్తే ఇందులో మాయేమీ లేదని తెలుస్తుంది. 65 కిలోల మగమనిషి కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకి 2,110 క్యాలరీలు చాలు. బరువైన పని చేస్తే 3,470 కావాలి. తేడా 1,360. బియ్యంలో చెప్పాలంటే దగ్గర దగ్గర 400 గ్రాములు. అంటే మా తాత కుర్చీలో కూర్చుని ఉంటే రోజుకి సుమారు అంత బియ్యం వండాల్సిన పని ఉండేది కాదు.

మనకి తాత పొలం రాలేదు, పళ్లెం వచ్చింది. మూడోసారి వడ్డిస్తూ "ఏం తింటున్నవ్ రా, చిక్కిపోయినవ్" అనే అమ్మ కళ్లలో ఇంకా ఆ నాగలే ఉంది.

పని తగ్గితే ఆకలీ తగ్గాలి కదా అనొచ్చు. కొంతవరకు తగ్గుతుంది, ఆ తర్వాత మొరాయిస్తుంది. దీన్ని మనుషుల్లో మొట్టమొదట పట్టుకున్నది మన దేశంలోనే. 1956లో జాన్ మేయర్ అనే పోషకాహార శాస్త్రవేత్త ఇద్దరు భారతీయ సహచరులతో కలిసి పశ్చిమ బెంగాల్‌లోని ఒక జనపనార మిల్లులో 213 మందిని పరిశీలించారు. బరువులు మోసేవాళ్లు ఎక్కువ తిన్నారు, తేలికపాటి పని చేసేవాళ్లు తక్కువ తిన్నారు, ఇద్దరి బరువూ ఇంచుమించు ఒకటే. అక్కడిదాకా ఒళ్లు చక్కగా లెక్క చూసుకుంది. కానీ రోజంతా కూర్చునే గుమాస్తాలు, దుకాణదారుల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడింది. తేలికపాటి పని చేసేవాళ్లకంటే వాళ్లే ఎక్కువ తిన్నారు, బరువూ వాళ్లకే ఎక్కువ. కదలిక ఒక హద్దు కంటే తగ్గితే ఆకలికి తూకం తప్పుతుందని మేయర్ తేల్చారు. పాత అధ్యయనమే, దాని మీద వాదాలూ ఉన్నాయి. కానీ ఆ మిల్లు గుమాస్తా కుర్చీకి, మన గచ్చిబౌలి చక్రాల కుర్చీకి నాకు పెద్ద తేడా కనిపించలేదు.

మీ టీమ్‌లో కూడా ఒకడుంటాడు. బిర్యానీ, డబల్ కా మీఠా ఏదీ వదలడు, ఒళ్లు మాత్రం చేయడు. వాడి మీద అసూయ పడేముందు వాడు ఎంతసేపు సీట్లో ఉంటాడో గమనించండి. అమెరికాలోని మాయో క్లినిక్‌లో జేమ్స్ లెవిన్ బృందం 1999లో 16 మందికి ఎనిమిది వారాల పాటు రోజూ 1,000 క్యాలరీలు అదనంగా తినిపించింది. ఒకరికి పెరిగిన కొవ్వు కేవలం 360 గ్రాములు, ఇంకొకరికి 4 కిలోల పైమాటే. తేడా జిమ్ వల్ల రాలేదు. లేవడం, తిరగడం, కాలు ఊపడం, నిలబడి మాట్లాడటం వంటి చిల్లర కదలికల వల్ల వచ్చింది. కొందరి ఒళ్లు ఎక్కువ తిండి పడగానే తెలియకుండానే ఎక్కువ కదులుతుంది. నా ఒళ్లు ఆ జాతిది కాదు.

మరి పార్కులో నడిస్తే ఎందుకు తగ్గలేదు? టాంజానియాలో హడ్జా అనే తెగ ఇప్పటికీ వేటాడి, దుంపలు తవ్వుకుని బతుకుతోంది. రోజంతా నడుస్తారు. హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో వాళ్ల శక్తి ఖర్చుని కొలిస్తే, శరీర పరిమాణంలో తేడాలు తీసేశాక, అది ఆఫీసుల్లో కూర్చునే అమెరికన్ల ఖర్చుతో దాదాపు సమానంగా తేలింది. కదలిక పెరిగితే ఒళ్లు ఇంకెక్కడో పొదుపు చేసుకుంటుందన్నది పాంట్జర్ వాదన. దాన్ని పూర్తిగా ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు. నా మటుకు నాకు, పొద్దున నడిచొచ్చిన రోజున "ఈరోజు నడిచాం కదా" అని ఇంకో దోశ వేయించుకోవడం, మిగతా రోజంతా సీట్లో కూలబడటం బాగా గుర్తు.

అందుకని నడక మానేయమనడం లేదు. 2016లో పది లక్షల మందికి పైగా వివరాలు కలిపి చూస్తే, రోజుకి ఎనిమిది గంటలు కూర్చునేవాళ్లు గంటా గంటంపావు చురుగ్గా కదిలితే, కూర్చోవడం వల్ల పెరిగే మరణ ముప్పు దాదాపు పోయిందని తేలింది. గుండె కోసం, షుగర్ కోసం, నిద్ర కోసం నడవాలి. బరువు మిషన్ కోసమే నడిస్తే మూడో నెలలో మానేస్తాం.

ఇక మా ఆఫీసులో ఒకప్పుడు ఎంతో హడావిడిగా తెచ్చిన నిలబడి పనిచేసే బల్లలు. కూర్చోవడానికీ నిలబడటానికీ తేడా నిమిషానికి 0.15 క్యాలరీలు. ఆరు గంటలు నిలబడితే ఒక ఇడ్లీ.

టెన్షన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఈమధ్య రీల్స్ తెరిస్తే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను గోలే. ముఖం ఉబ్బితే కార్టిసాల్, పొట్ట వస్తే కార్టిసాల్, దాన్ని దించడానికి ఒక పొడి, ఆ పొడికి ఒక డిస్కౌంట్ కూపన్. కార్టిసాల్ విపరీతంగా పెరిగిపోయే కుషింగ్ సిండ్రోమ్ అనే జబ్బు ఉన్నమాట నిజమే. అందులో ముఖం గుండ్రంగా, పొట్ట ముందుకి, కాళ్లూ చేతులూ సన్నగా అవుతాయి. అది అరుదు, డాక్టర్లు పరీక్ష చేసి తేల్చాల్సింది. ఉద్యోగం టెన్షన్‌తో కార్టిసాల్ అంత ఎత్తుకి పోదు. గాల్లోంచి కొవ్వుని తయారు చేయడం ఏ హార్మోనుకీ చేతకాదు.

టెన్షన్ చేసే పని వేరు. ఉన్నట్టుండి భయం వేస్తే ఆకలి చచ్చిపోతుంది. ఇంటర్వ్యూకి ముందు గొంతు దిగదు కదా, అది. కానీ వారాల తరబడి సన్నగా, ఆగకుండా నడిచే టెన్షన్‌లో కార్టిసాల్ ఆకలిని లేపుతుంది, అదీ కీరా ముక్కల కోసం కాదు, తీపి కోసం, నూనె కోసం. అందరికీ ఒకేలా ఉండదు, కొందరు టెన్షన్‌లో చిక్కిపోతారు కూడా. 2003లో మేరీ డాల్‌మన్ బృందం ఎలుకల మీద చేసిన పరిశోధనల ఆధారంగా ఒక ఆసక్తికరమైన మాట చెప్పింది: కొవ్వూ తీపీ తిన్నాక ఒత్తిడికి ఒళ్లు చూపే స్పందన నిజంగానే తగ్గుతుంది. అంటే మిక్చర్ డబ్బా పనిచేసే మందే. అందుకే చెయ్యి అటు పోతుంది. దుష్ఫలితం నడుము దగ్గర కనిపిస్తుంది, అంతే తేడా.

అందువల్ల "నోరు కట్టుకో" అనే సలహా అంటే నాకు మంట. తొమ్మిదిన్నర కాల్‌లో నా దగ్గర ఉన్న ఒక్క మందునీ లాక్కుని, బదులుగా ఏమీ ఇవ్వని సలహా అది.

నిద్ర పద్దు

నన్నడిగితే ఈ మొత్తం చిక్కుముడిలో అందరూ పక్కన పడేసే పోగు నిద్ర. కాల్ పదకొండుకి అయిపోతుంది. ఆ వేడిలోనే భోజనం, తర్వాత "కాసేపు మన టైమ్" అని ఫోన్, ఒంటిగంటన్నర. పొద్దున పిల్లల స్కూలు బస్సు ఉన్న ఇళ్లలో ఆరింటికే లేవాలి.

చికాగోలో 2004లో 12 మంది కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకున్నప్పటితో పోలిస్తే, చాలు అని చెప్పే హార్మోను లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి లేపే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. అదే ఊళ్లో 2010లో ఇంకో అధ్యయనం. పదిమందికి ఒకే రకం డైటింగ్ రెండు వారాలు, ఒకసారి ఎనిమిదిన్నర గంటల పడకతో, ఇంకోసారి అయిదున్నరతో. రెండుసార్లూ తగ్గిన బరువు సుమారు మూడేసి కిలోలు. కానీ నిద్ర తక్కువైనప్పుడు తగ్గినదాంట్లో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయింది, దాని బదులు కండ పోయింది. డైటింగ్ చేస్తూ నిద్ర మానుకునేవాళ్లు దాచుకోవాల్సింది ఖర్చుపెట్టి, ఖర్చుపెట్టాల్సింది దాచుకుంటున్నారన్నమాట.

అన్నిటికంటే నాకు నచ్చింది 2022లో వచ్చింది. రాత్రికి ఆరున్నర గంటల లోపు పడుకునే 80 మందికి తిండి గురించి ఒక్క మాట కూడా చెప్పకుండా, నిద్ర పెంచుకునే దారి చూపించారు. నిద్ర గంటా పదిహేను నిమిషాల దాకా పెరిగింది, తిండి రోజుకి 270 క్యాలరీలు దానంతటదే తగ్గింది. నా బరువు మనిషి దాదాపు అయిదు కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేంత అది. పడుకుని సంపాదించింది.

గురక గట్టిగా వస్తూ, ఎంత పడుకున్నా పగలు తూగుతుంటే మాత్రం అది వేరే సంగతి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉందేమో డాక్టర్‌కి చూపించుకోవాలి. అలాగే థైరాయిడ్, ఆడవాళ్లలో వచ్చే అండాశయాల సమస్య పీసీఓఎస్, కొన్ని రకాల స్టెరాయిడ్ మందులు, మానసిక సమస్యలకి వాడే కొన్ని మందులు బరువు పెంచగలవు. అనుమానం ఉంటే డాక్టర్‌ని అడిగి తగిన పరీక్షలు చేయించుకోవడం మంచిది.

ఆడవాళ్ల సంగతి ఇంకా చిక్కు. 55 కిలోల స్త్రీ కూర్చునే ఉద్యోగంలో ఉంటే అవసరం 1,660 క్యాలరీలే. పద్దు చిన్నది కాబట్టి ఒక సమోసా కూడా అందులో పెద్ద ఖర్చే. మా టీమ్‌లో ఒకావిడ ఏడింటికి లాగౌట్ అయ్యి, వంట చేసి, పిల్లాడి హోంవర్కు చూసి, మళ్లీ తొమ్మిదిన్నర కాల్‌లోకి వస్తుంది. ఆవిడకి "రోజుకి గంట నడవండి" అని చెప్పేవాళ్లు ఆ గంట ఎక్కడ దొరుకుతుందో కూడా చెబితే బాగుండును.

టేపు చెప్పేది

ఒడ్డూ పొడుగూ చూసి "నేను సన్నమే" అనుకునేవాళ్లకి ఒక ఫోటో కథ. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడిన ఫోటో అచ్చయింది. ఒకరు పుణెకి చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కి చెందిన యడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 22.3. యడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. భారతీయులకి కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, కొవ్వు లోపల పొట్ట చుట్టూ చేరడం ఎక్కువ. అందుకే మనకి బీఎంఐ 23 దాటగానే జాగ్రత్త పడమంటారు, నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదంటారు. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. 345 మందిని చూసి ఊరంతా ఇంతే అనలేం. కానీ అది చదివిన రోజు మా ఫ్లోర్‌లో అందరూ దర్జీ టేపు కోసం వెతికారు.

టేపు ఇంకో రకంగానూ నయం. బరువు మిషన్ మోసగత్తె. రాత్రి ఆవకాయ, ఊరమిరపకాయ తింటే ఉప్పు నీళ్లని పట్టి ఉంచి పొద్దునకి కిలో ఎక్కువ చూపిస్తుంది. మొదటి వారం అన్నం మానేస్తే రెండు కిలోలు తగ్గిందని సంబరపడతాం. పోయింది ఎక్కువగా నీళ్లే. మూడో వారం ముల్లు ఆగిపోగానే "నా ఒళ్లింతే" అని వదిలేస్తాం. వారానికి అరకిలో చొప్పున తగ్గే కొవ్వు ఈ నీళ్ల ఆటుపోట్లలో చాలా రోజులు కనిపించనే కనిపించదు.

ఆదరాబాదరాగా తగ్గితే వేరే శిక్ష ఉంది. అమెరికాలో బరువు తగ్గే పోటీగా నడిచిన ఒక టీవీ షోలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, పోయిన బరువులో చాలా భాగం వెనక్కి వచ్చేసింది. కూర్చుని ఉన్నా ఒళ్లు చేసే ఖర్చు మాత్రం ఉండాల్సినదానికంటే రోజుకి సుమారు 500 క్యాలరీలు తక్కువగానే ఉండిపోయింది. కరువొచ్చిందనుకున్న ఒళ్లు అన్నేళ్లయినా పొదుపు మానలేదు.

2025లో మన దగ్గరికి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అడగనివాళ్లు లేరు. అవి ప్రధానంగా ఆకలి మీద పనిచేస్తాయి, చాలామందికి బాగానే పనిచేస్తాయి, డాక్టర్ లేకుండా ముట్టుకోకూడదు. నాకు వాటిలో ఆసక్తిగా అనిపించింది వేరు. వారానికో సూదితో తిండి ధ్యాస తగ్గిపోతోందంటే, ఇన్నాళ్లూ మనం మనోబలం, క్రమశిక్షణ అని ఒకరినొకరు తిట్టుకున్నదాంట్లో ఎక్కువ భాగం హార్మోన్ల సంగతేనన్నమాట.

నేను మార్చినవి

పెద్దగా ఏమీ లేవు. మిక్చర్ డబ్బా బల్ల మీద నుంచి అటక మీదకి పోయింది. స్టూలు వేసుకుని ఎక్కితే అందుతుంది, వారానికోసారి ఎక్కుతాను కూడా. టీలు అయిదు నుంచి మూడయ్యాయి, చక్కెర చెంచాడు. అన్నం మానలేదు, మానలేను. పప్పుచారులో చారెక్కువ, పప్పు తక్కువ అని ఆలస్యంగా గ్రహించి, ముద్దపప్పు, గుడ్లు, పెరుగు పెంచాను. అవి కడుపులో నిలుస్తాయి, అన్నం రెండో విడత అడగనివ్వవు. వారానికి రెండుసార్లు ఇంట్లోనే గుంజిళ్లు, దండీలు. చిన్నప్పుడు సారు శిక్షగా తీయించిన గుంజిళ్లే ఇప్పుడు నాకు వ్యాయామం. వీడియో లేని కాల్స్ అన్నీ నడుస్తూ మాట్లాడతాను.

ఏడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. మధ్యలో ఒక రిలీజ్ వచ్చి కిలోన్నర వెనక్కి ఇచ్చింది. నడుము మాత్రం ఆరు సెంటీమీటర్లు తగ్గి అక్కడే ఉంది.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది కాల్ టైమ్. తొమ్మిదిన్నర కాల్‌ని ఎనిమిదికి జరపండి అని అడగడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఏమనుకుంటారో, పని తప్పించుకుంటున్నాననుకుంటారో అని. చివరికి ఒక శుక్రవారం, గొంతు సవరించుకుని అడిగేశాను. ఇప్పుడు ఏడింటికి డబ్బాలో తెచ్చుకున్న భోజనం ఆఫీసులోనే అవుతోంది, పదకొండుకి పడక. అడిగిన రోజు అవతలి మనిషి క్యాలెండర్ చూసుకుని రెండు నిమిషాల్లో సరే అన్నాడు. మన తొమ్మిదిన్నర వాళ్లకి మధ్యాహ్నం లంచ్ టైమట. ఎప్పుడు మారుస్తారా అని వాళ్లూ ఎదురుచూస్తున్నారట.